ఏ ఊరి సూర్యోదయం?

1942 సెప్టెంబరు 1 నుంచి 1945 అక్టోబరు 15 దాకా కర్నూలు, కడపల్లో పొద్దు ఒక గంట ఆలస్యంగా పొడిచింది. సూర్యుడి నడకలో ఏ మార్పూ లేదు. యుద్ధకాలమని ప్రభుత్వం దేశమంతటా గడియారాలను గంట ముందుకు జరిపింది. జనవరిలో మామూలుగా ఆరూ ముప్పావుకు వెలుగు చూసే కర్నూలు, ఆ ఏళ్లలో గడియారం ఏడూ ముప్పావు చూపిస్తే గానీ సూర్యుణ్ణి చూడలేదు. డేలైట్ సేవింగ్ అనేది అమెరికా, ఐరోపాల గొడవ మాత్రమేనని అనుకునేవాళ్లకు ఈ సంగతి కొత్తగా తోచవచ్చు. పాత జాతకాలు పట్టే సిద్ధాంతులకు మాత్రం కొత్త కాదు. ఆ మూడేళ్లలో పుట్టినవారి సమయం చేతికొస్తే వాళ్లు ముందు ఒక గంట తీసేసి, ఆ తర్వాతే లెక్క మొదలుపెడతారు.

ఆ గంటతో ఏం పోతుంది? 1943లో ఒక మంగళవారం పొద్దున గడియారం ఆరున్నర చూపుతుండగా కర్నూలులో బిడ్డ పుట్టిందనుకుందాం. ఇప్పటి లెక్కలో అది అయిదున్నర. సంవత్సరంలో ఏ రోజు తీసుకున్నా కర్నూలులో అయిదున్నరకు సూర్యోదయం కాదు. మన సంప్రదాయంలో వారం సూర్యోదయంతో మారుతుంది కాబట్టి, ఆ బిడ్డ సోమవారం పుట్టినట్టు. లగ్నం దాదాపు రెండు గంటలకొకసారి మారుతుంది గనక అదీ మారిపోయే అవకాశం ఉంది. బిడ్డ తొలి ఏడుపు వినిపించిన క్షణం ఒక్కటే. దానికి పెట్టిన పేర్లు రెండు.

ఆ యుద్ధకాలపు గంట జావా ప్రోగ్రామింగ్ భాషకు కూడా తెలుసు. 'ఆసియా/కోల్‌కతా' అనే టైమ్ జోన్‌లో 1943 నాటి సమయం రాయమంటే, జావా దాని పక్కన ఇప్పటి +05:30కి బదులు +06:30 అని రాస్తుంది. ప్రపంచ దేశాల గడియార చట్టాల చరిత్రను పోగుచేసిన టైమ్ జోన్ డేటాబేస్ ఒకటుంది. ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ మొదలుపెట్టిన ఆ పట్టికే జావాకూ ఆధారం. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలోనో, కర్నూలు ఇంజనీరింగ్ కళాశాలల్లోనో జావా నేర్చుకునే విద్యార్థి తేదీల పాఠం దగ్గరికొచ్చేసరికి తనకు తెలియకుండానే తాతలనాటి యుద్ధకాలాన్ని తాకుతాడు. దానితోపాటు, తత్వవేత్తలు రెండువేల ఏళ్లుగా అడుగుతున్న ప్రశ్ననూ తాకుతాడు: కాలం ఒక్కటేనా? ఒక్కటే అయితే, పుణ్యకాలం ఊరికొకటి ఎందుకు?

*

ముందు ఊరి సంగతి. భారత ప్రామాణిక కాలం 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశానిది. ఆ గీత మన రాష్ట్రంలో కాకినాడ దగ్గరగా పోతుంది. కర్నూలు దానికి నాలుగున్నర డిగ్రీలు పడమర. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున లెక్కిస్తే కర్నూలు సొంత సమయం మన చేతి గడియారం కన్నా సుమారు 18 నిమిషాలు వెనక, కడపది సుమారు 15 నిమిషాలు వెనక. కర్నూలులో నడినెత్తిన సూర్యుడు నిలిచే వేళ సగటున పన్నెండూ పద్దెనిమిది. భూమి నడకలో హెచ్చుతగ్గుల వల్ల ఫిబ్రవరి నడిమిలో అది పన్నెండున్నర దాటుతుంది, నవంబరు మొదట్లో పన్నెండుకు దగ్గరపడుతుంది. అంటే శ్రీరామనవమి నాడు గడియారం సరిగ్గా పన్నెండు కొట్టినప్పుడు రాయలసీమలో ఇంకా మధ్యాహ్నం కాలేదు. అభిజిత్ ముహూర్తం నడి మధ్యాహ్నానికి ఇరువైపులా దాదాపు 24 నిమిషాలు పరుచుకుని ఉంటుంది కాబట్టి పెళ్లివారికి ఇబ్బంది రాదు. ఆ వెసులుబాటులోనే తాళి పడుతుంది.

ఈ నిమిషాలను అందరికన్నా జాగ్రత్తగా పట్టించుకునేది రంజాన్ ఉపవాసాలుండే ముస్లింలు. కడప పెద్ద దర్గా వీధిలో ఇఫ్తార్ వేళ, కర్నూలు పాతబస్తీలో ఇఫ్తార్ వేళ ఒకటి కావు. మధ్యాహ్నంలోనే రెండు ఊళ్లకూ మూడు నిమిషాల తేడా. అక్షాంశం వల్ల సూర్యాస్తమయంలో ఆ తేడా రుతువును బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. అందుకే సహరీ, ఇఫ్తార్ వేళల పట్టికలను ఊరి పేరు వేసి మరీ అచ్చువేస్తారు. ఒకే రాష్ట్రం, ఒకే గడియారం, ఒకే దేవుడు. ఖర్జూరం నోట్లో పెట్టుకునే క్షణం మాత్రం ఊరిది.

దేశమంతటికీ ఒకే గడియారం 1906 జనవరి 1న వచ్చింది. అంతకు ముందు మద్రాసు నక్షత్రశాల కాలం రైళ్ల కాలంగా ఉండేది. మద్రాసు నుంచి కడప, గుత్తి మీదుగా రాయచూరు వైపు సాగిన రైలు దారి వెంబడి స్టేషన్‌లో ఒక సమయం, ఊళ్లో ఇంకొకటి. రైలుకు ఒకే కాలం కావాలి. లేకపోతే ఒకే పట్టాల మీద రెండు బండ్లు ఎదురుపడతాయి. గుడికి అలాంటి అవసరం ఎప్పుడూ రాలేదు.

*

కణాదుడి వైశేషిక దర్శనం తొమ్మిది ద్రవ్యాల్లో కాలాన్ని ఒకటిగా లెక్కించింది. అది ఒక్కటే, నిత్యం, అంతటా వ్యాపించినది. క్షణం, గడియ, పగలు, రాత్రి, నిన్న, రేపు అనే ముక్కలు కాలంలో లేవు. సూర్యుడి నడక వంటి ఉపాధుల వల్ల, అంటే బయటి ఆధారాల వల్ల, మనం వాటిని కాలానికి తగిలిస్తున్నాం. 17వ శతాబ్దిలో తెలుగువాడైన అన్నంభట్టు ఈ మాటనే తర్కసంగ్రహంలో పిల్లలకు అర్థమయ్యేంత పొట్టిగా చెప్పాడు. ఇప్పటికీ సంస్కృత తర్కం చదవాలనుకునేవాడు ఆ పుస్తకంతోనే మొదలుపెడతాడు. దీనికి ఎదురుగా నాగార్జునుడు మూలమధ్యమకకారికలో ఒక ప్రకరణమంతా కాలపరీక్షకు కేటాయించి, భూత వర్తమాన భవిష్యత్తులు ఒకదాన్నొకటి ఆనుకునే నిలబడతాయనీ, వాటికి వేరుగా కాలమనే వస్తువు లేదనీ వాదించాడు.

జావా ఈ వాదంలో వైశేషికుల పక్షాన నిలబడిందని చెప్పాలి. అదీ వెంటనే కాదు. 1996లో వచ్చిన తొలి జావాలో 'డేట్' అనే ఒక్క రకమే ఉండేది. లోపల అది 1970 జనవరి 1 గ్రీనిచ్ అర్ధరాత్రి నుంచి లెక్కించిన క్షణం మాత్రమే. బయటికి అచ్చువేస్తే మాత్రం ఆ యంత్రం ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి తేదీ వేషం వేసుకుని వచ్చేది. చూసేవాడికి అది తేదీయో క్షణమో తెలిసేది కాదు. 2014 మార్చిలో వచ్చిన జావా 8 ఆ ముడిని విప్పింది. 'ఇన్‌స్టంట్' అంటే ఉపాధి లేని శుద్ధమైన క్షణం. కర్నూలుకూ డల్లాస్‌కూ అదే. 'లోకల్‌డేట్' అంటే క్షణంతో పని లేని తేదీ, పుట్టినరోజు లాంటిది. 'జోనెడ్‌డేట్‌టైమ్' అంటే క్షణానికి ఊరినీ, ఆ ఊరి చట్టాన్నీ కలిపిన రూపం. కాలాన్నీ ఉపాధినీ వేరు చేసి, ఏది దేనికి తగిలిందో ప్రతిసారీ చెప్పమని ప్రోగ్రామర్‌ను నిలదీస్తుంది ఈ ఏర్పాటు.

వేరు చేయకపోతే ఏమవుతుందో ఒక చిన్న ఉదాహరణ. కర్నూలులో మే 12న పుట్టిన పాప తేదీని పాత పద్ధతిలో 'మే 12 అర్ధరాత్రి' అనే క్షణంగా భద్రపరిచారు. డల్లాస్‌లో ఉన్న మేనమామ ఫోన్‌లో అదే క్షణం మే 11 మధ్యాహ్నం ఒకటిన్నర. యాప్ మే 11నే పుట్టినరోజు శుభాకాంక్షలు పంపమంటుంది. క్షణం తప్పు కాదు, లెక్క తప్పు కాదు. తేదీ ఏ ఊరిదో రాసుకోకపోవడమే తప్పు.

*

ఇక్కడే సంకల్పం గుర్తుకు రావాలి. తెలుగు నేల మీద ఏ పూజ మొదలైనా ముందు చెప్పేది చోటు. జంబూద్వీపం, భరతవర్షం, భరతఖండం, మేరువుకు దక్షిణ దిక్కు, ఆ తర్వాత శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో, ఏ నదుల మధ్య ఉన్నామో. చోటు పూర్తయ్యాకే సంవత్సరం పేరు, అయనం, రుతువు, మాసం, పక్షం, తిథి, వారం. కడప శ్రీశైలానికి నేరుగా దక్షిణాన ఉంది. రేఖాంశాలు దాదాపు ఒకటే కాబట్టి మల్లన్న గుడి మీదా దేవుని కడప గుడి మీదా సూర్యుడు ఇంచుమించు ఒకేసారి నడినెత్తికొస్తాడు. కర్నూలు పడమర, కాస్త నైరుతి. లండన్ శివారులోని గ్రీనిచ్ నుంచి ప్రపంచం కాలాన్ని కొలవడానికి ఎంతో ముందే, నల్లమల కొండల్లోని ఒక శిఖరం నుంచి తెలుగువాళ్లు తమ చోటును కొలుచుకున్నారు. అమెరికాలోని పలు ఆలయాల్లో పురోహితులు జంబూద్వీపానికి బదులు క్రౌంచద్వీపం, రమణకవర్షం, ఐంద్రఖండం అని చెబుతున్నారు. ఆ మార్పును కొందరు పెద్దలు తేలిగ్గా తీసుకోరు. నిజానికి అది సంప్రదాయం బతికి ఉందనడానికి గుర్తు. చోటు మారినప్పుడు చోటు పేరు మార్చకుండా తిథి చెప్పడం అబద్ధం చెప్పినట్టవుతుంది.

ఈ పేర్లనూ అంకెలనూ ఒకదానిలోంచి ఒకదానిలోకి మార్చే శ్రమ కూడా ఈ జిల్లాలకు పాతదే. 1820లో ఉద్యోగిగా కడపకు వచ్చి అక్కడే తెలుగులో పడిపోయిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్, 1850లో తెలుగు, కన్నడ దేశాల చరిత్ర కోసం హిందూ, ముస్లిం కాలగణనల పట్టికలు అచ్చువేయించాడు. అరవై ఏళ్లకొకసారి తిరిగొచ్చే సంవత్సరం పేరు మాత్రమే ఉంటే శాసనం ఏ శతాబ్దిదో తెలియదు. పక్కన శకాబ్దం ఉండాలి. రెండు అంకెల సంవత్సరంతో కంప్యూటర్లు 2000లో పడ్డ అవస్థ ఇదే.

*

తిథికీ రోజుకీ ఉన్న సంబంధంలో అసలు చిక్కు ఉంది. చంద్రుడు సూర్యుడి నుంచి 12 డిగ్రీలు ఎడమైతే ఒక తిథి. అది ముగిసే క్షణం భూమి మీద అందరికీ ఒకటే. కానీ ఆ రోజుకు ఏ తిథి పేరు పెట్టాలన్నది చాలా వ్రతాలకు సూర్యోదయం తేలుస్తుంది, సూర్యోదయం ఊరిది. కర్నూలులో 12వ తేదీ ఉదయం ఏడింటికి ఏకాదశి ముగిసిందంటే, డల్లాస్‌లో వేసవి గడియారం ప్రకారం అది 11వ తేదీ రాత్రి ఎనిమిదిన్నర. ఇక్కడ 12న సూర్యోదయానికి ఏకాదశి ఉంది, అక్కడ 11న ఉంది. ఉపవాసం తేదీ మారిపోయింది. అమ్మ 12న రాత్రి ఫోన్ చేసి 'ఈరోజు ఏకాదశి' అంటే కొడుకు అప్పటికే పారణ చేసి ఉండాలి.

2024 ఏప్రిల్ 8 దీనికి కళ్లెదుటి సాక్ష్యం. ఆ రోజు అమావాస్య ముగిసిన క్షణం మన గడియారంలో రాత్రి 11:51. రాయలసీమ నిద్రలో ఉంది. పొద్దున లేస్తే క్రోధి నామ ఉగాది. అదే క్షణం డల్లాస్‌లో మధ్యాహ్నం 1:21. మరో ఇరవై నిమిషాలకు అక్కడ సూర్యుడు పూర్తిగా మాయమై పట్టపగలు చీకటి పడింది. అక్కడి తెలుగువాళ్లకు సంపూర్ణ సూర్యగ్రహణం, స్నానం, జపం. కర్నూలులో ఉన్న వాళ్ల తల్లిదండ్రులకు ఏమీ లేదు, ఎందుకంటే కనిపించని గ్రహణానికి నియమం లేదు. గమనించవలసింది ఇంకొకటి. అమావాస్య క్షణాన్ని భూకేంద్రం నుంచి లెక్కిస్తారు. డల్లాస్ కన్నుకు చంద్రుడు సూర్యుణ్ణి మూసింది ఆ క్షణానికి కాస్త తర్వాత. అంటే గ్రహణమనే సంఘటన కూడా చూసే చోటును బట్టి జరుగుతుంది. శాస్త్రకారులు గ్రహణ నియమాన్ని కంటికి కట్టడం వెనక ఎంత ఆలోచన ఉందో ఇక్కడ అర్థమవుతుంది.

2013 శివరాత్రి ఇంకా కఠినమైన పరీక్ష పెట్టింది. శివరాత్రికి సూర్యోదయం కాదు, అర్ధరాత్రి ప్రమాణం. చతుర్దశి నిశీథంలో ఉండాలి. శ్రీశైలంలో అది మార్చి 10 రాత్రి. దీపాలన్నీ ఆర్పేసిన చీకట్లో మల్లన్న గుడి శిఖరానికి నేతగాడు పాగా చుట్టిన రాత్రి, లింగోద్భవ కాలం. అమెరికాలో మాత్రం చతుర్దశి గల అర్ధరాత్రి అంతకు ముందు రాత్రి, మార్చి 9 రాత్రి. సరిగ్గా ఆ రాత్రే, 10వ తేదీ తెల్లవారుజామున రెండింటికి, అమెరికా గడియారాలు మూడుకు దూకాయి. 2007 నుంచి అక్కడి చట్టం మార్చి రెండో ఆదివారం ఇలా చేస్తోంది.

జాగరణ చేసేవాడికి ఆ రాత్రి ఎంత పొడవు? డల్లాస్‌లో ఆరున్నర ప్రాంతంలో పొద్దుకుంకింది, మర్నాడు ఏడూ ముప్పావు ప్రాంతంలో పొడిచింది. గడియారపు అంకెలను అలాగే తీసివేస్తే పదమూడుంబావు గంటలు. నిజంగా గడిచింది పన్నెండుంబావు. జావాలో ఊరి పేరు లేని 'లోకల్‌డేట్‌టైమ్'తో నాలుగు జాముల పూజలను విభజిస్తే ఒక్కో జాముకు పదిహేను నిమిషాలు అదనంగా వచ్చి చేరతాయి. రెండో జాము ముగిసి లింగోద్భవం రావలసిన వేళ అరగంట జరిగిపోతుంది, గడియారం మధ్యలో దూకడంతో నాలుగో జాము పావుగంట ముందే మొదలవుతుంది. ఊరి పేరిచ్చి 'జోనెడ్‌డేట్‌టైమ్'తో లెక్కిస్తే సరైన జవాబు వస్తుంది. అదే రాత్రి రెండున్నరకు అభిషేకమని ఎవరైనా రాసి ఉంటే, అలాంటి సమయం ఆ ఊళ్లో లేదు కాబట్టి జావా దాన్ని మూడున్నరగా మార్చి ఇస్తుంది. చట్టం గంటను తొలగించింది గానీ రాత్రిని తొలగించలేదు. నిద్ర మేలుకుని కూర్చున్న భక్తుడి ఒంటికి ఆ సంగతి ఏ ప్రోగ్రామ్ కన్నా బాగా తెలుసు.

*

దేవుడికి టైమ్ జోన్ ఏమిటనే ప్రశ్న వెంటనే వస్తుంది. రావాలి కూడా. రాయలసీమలో వేమనను విన్న ఏ మనిషైనా ఈ ప్రశ్న అడగకుండా ఉండడు. కాలానికి అతీతుడైన వాణ్ణి పిలవడానికి ముహూర్తం ఎందుకు? ఈ ప్రశ్నను దాటవేయడం మర్యాద కాదు. దేవుడికి అవసరం లేదనే ఒప్పుకోవాలి. చోటు, వేళ అవసరమైనది పూజించేవాడికి. ఆకలి పొట్టకు వేస్తుంది, పొట్ట ఒక ఊళ్లో ఉంటుంది. ఉపవాసం ఆ ఊరి సూర్యోదయం నుంచే ఉపవాసం. వైశేషికుడి మాటలో చెబితే కాలం అఖండమే, కర్మ ఉపాధికి చెందింది. ఈ రెంటినీ కలగాపులగం చేసినవాడు ఆచారాన్నీ పోగొట్టుకుంటాడు, తత్వాన్నీ పోగొట్టుకుంటాడు.

కనుక అమెరికాలో ఉన్నా ఊరి పంచాంగమే పాటిస్తామనే పట్టుదల భక్తిగా కనిపించినా శాస్త్రం దాన్ని బలపరచదు. దాని వెనకున్న బెంగ మాత్రం నిజం. కడప జిల్లా ఒంటిమిట్టలో కోదండరాముడి కల్యాణం పట్టపగలు జరగదు, పండు వెన్నెల్లో జరుగుతుంది. పగటిపూట పెళ్లిని తాను చూడలేకపోయానని చంద్రుడు మొరపెట్టుకుంటే స్వామి ఇచ్చిన మాట అది అని స్థలపురాణం. రాష్ట్ర విభజన తర్వాత 2015 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ లాంఛనాలు అక్కడే. ఆ రాత్రి కల్యాణాన్ని డల్లాస్‌లోని కుటుంబం ప్రత్యక్ష ప్రసారంలో చూసేసరికి వాళ్లకు ఉదయం. కిటికీలో ఎండ, తెరమీద వెన్నెల. వాళ్లు కల్యాణం చూసినట్టేనా? చూసినట్టే. దర్శనం క్షణానికి చెందింది, క్షణం ఇద్దరికీ ఒకటే. వాళ్లింట్లో వాళ్లు చేసుకునే కల్యాణానికి మాత్రం వాళ్ల ఊరి చంద్రుడు రావలసిందే. మంత్రాలయంలో శ్రావణ బహుళ విదియ నాటి రాఘవేంద్రుల ఆరాధనకూ, కందిమల్లాయపల్లెలో వైశాఖ శుద్ధ దశమి నాటి వీరబ్రహ్మేంద్రస్వామి ఆరాధనకూ ఇదే వివేకం పనికొస్తుంది. మఠంలో జరిగేదాన్ని మఠం వేళకు చూడాలి, ఇంట్లో చేసేదాన్ని ఇంటి తిథికి చేయాలి.

గడియారం గంతు వేయడం, వెనక్కి రావడం మన లెక్కలకు కొత్త కాదనీ చెప్పాలి. ఒక్క సూర్యోదయాన్నైనా తాకకుండా పోయే క్షయ తిథి ఉంది, రెండు సూర్యోదయాలను తాకే వృద్ధి తిథి ఉంది. అవి వచ్చినప్పుడు వ్రతం ఏ రోజు చేయాలో నిర్ణయసింధువు, ధర్మసింధువు వంటి గ్రంథాలు ఒక్కో పండుగకూ విడిగా తీర్పు చెప్పాయి. జావా కూడా తీర్పు చెబుతుంది. లేని గంటలో సమయం ఇస్తే ముందుకు జరుపుతుంది. రెండుసార్లు వచ్చే గంటలో ఇస్తే మొదటిదాన్ని తీసుకుంటుంది, రెండోదే కావాలంటే అడిగి తీసుకోవాలి. క్షయ వృద్ధులు సూర్యచంద్రుల నడక నుంచి పుట్టాయి, వేసవి గంట శాసనసభ నుంచి పుట్టింది. 1916లో జర్మనీ యుద్ధ అవసరానికి మొదలుపెట్టినదాన్ని ఏ సభ అయినా రద్దు చేయగలదు. ఏకాదశిని రద్దు చేయగల సభ లేదు. అందుకే తిథిని లెక్కగట్టే ప్రోగ్రామ్ మొదటి నుంచి చివరిదాకా 'ఇన్‌స్టంట్'లోనే నడవాలి. మనిషికి చూపించే చివరి వరుసలో మాత్రమే ఊరూ చట్టమూ రావాలి.

రెండుసార్లు వచ్చే గంట ఇప్పుడు ప్రొద్దుటూరు, నంద్యాల సిద్ధాంతుల దాకా వచ్చే సమస్య. 2024 నవంబరు 3న అమెరికాలో తెల్లవారుజామున రెండు కాగానే గడియారం మళ్లీ ఒంటిగంటకు వెళ్లింది. ఆ రోజు డల్లాస్‌లో 1:20 అనే సమయం రెండుసార్లు వచ్చింది, ఒకటి గ్రీనిచ్‌కు అయిదు గంటలు వెనక, ఇంకొకటి ఆరు గంటలు వెనక. కవలల్లో పెద్దది 1:50కి, చిన్నది ఆ తర్వాత 1:10కి పుట్టడం ఆ రాత్రి సాధ్యమే. 'రాత్రి 1:20' అని వాట్సాప్‌లో వచ్చిన ఒక్క మాటతో జాతకం వేస్తే గంట తేడా పడవచ్చు, లగ్నం మారవచ్చు. అమ్మమ్మ తాతయ్యలు ఫోన్ చేసినప్పుడు బిడ్డ బరువుతోపాటు గడియారం మార్చకముందా, మార్చాకా అన్నదీ అడగాలి. ఆసుపత్రి కాగితం మీద అది రాసి ఉండకపోతే, జ్ఞాపకం తాజాగా ఉన్న ఆ వారంలోనే తల్లిదండ్రులు సమయం పక్కన -05:00 అనో -06:00 అనో రాసి, ఊరి పేరు కలిపి పంపాలి.